ఒకరు పట్టే మెట్లు

బజారు వీధిలో బట్టల కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఒక సన్నటి ఖాళీ జాగా ఉండేది. ఇల్లు కట్టుకుందామని దాన్ని భార్యాభర్తలిద్దరు కొన్నారు. ఆమె బట్టలు కుట్టేది. ఆయన రేడియోలు బాగుచేసేవాడు. ఇద్దరి మధ్యా మాటలు తగ్గి చాలాకాలమైంది. పెద్ద గొడవేం లేదు. ఒకప్పుడు ఎవరో అలిగారు, రెండోవాళ్ళు బతిమాలలేదు, అలా గడిచిపోయింది.

మేస్త్రీ ముగ్గు పోసి కొలిచాడు. "కిందొక గది, పైనొక గది. అంతకు మించి రాదమ్మా," అన్నాడు.

ఆమెకు ఆ మాట హాయిగా తోచింది. కిందిది తనది, పైది ఆయనది. ఎవరి లోకం వాళ్ళది.

"మరి మెట్లకి చోటు ఎవరి గదిలోంచి తియ్యమంటారు?" అనడిగాడు మేస్త్రీ.

"నా మిషనుకే చాలదు. ఆయన్నడుగు," అందామె.

"నా బల్లకే చాలదు. ఆవిణ్ణడుగు," అన్నాడాయన, పక్కనే నిలబడి.

మేస్త్రీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, గోడవార మిగిలిన సందులోనే మెట్లు లేపాడు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి వెళ్ళాల్సిందే.

గృహప్రవేశమైన మర్నాడు ఆమె కాఫీ పట్టుకుని పైకి బయల్దేరింది. రోజూలాగే బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వచ్చేద్దామని. అప్పుడే ఆయన దిగుతున్నాడు. సగంలో ఎదురుపడ్డారు.

"కాస్త వెనక్కి ఎక్కండి."

"నువ్వే దిగు."

ఆమె దిగలేదు. ఆయన ఎక్కలేదు. కాళ్ళు లాగి ఆమె కూర్చుంది. కాసేపటికి ఆయనా కూర్చున్నాడు. కాఫీ చల్లారిపోతోందని గ్లాసు అందించింది.

"చక్కెర తక్కువైంది," అన్నాడు.

"మీరు తక్కువే తాగుతారుగా."

"ఎప్పటి మాట అది? చెప్పే సందు దొరకలేదు."

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే ఒకటి తట్టింది. ఇన్నాళ్ళూ తను కాఫీ ఇస్తున్నది ఈయనకు కాదు, ఎప్పటి ఆయనకో.

మర్నాడూ మెట్ల మీదే కలిశారు. ఆ తర్వాత కలవాలనే బయల్దేరేవారు. ఆయన పై మెట్టు మీద రేడియో విప్పుకునేవాడు. ఆమె కింది మెట్టు మీద గుండీలు కుట్టుకునేది. గదులు రెండూ ఖాళీగా పడుండేవి.

వానలు వెలిశాక వచ్చిన మేస్త్రీ, వాళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చుని ఉండటం చూశాడు. మెట్లు మరీ ఇరుకు చేశానని అతని మనసు పీకుతోంది.

"ఏదో ఒక గదిలోంచి కాస్త తీస్తే ఇద్దరూ పక్కపక్కన కూర్చోవచ్చమ్మా," అన్నాడు.

"అయితే నా గదిలోంచి తియ్యి," అందామె.

"వద్దు, నా గదిలోంచి తియ్యి," అన్నాడాయన.

"మీ బల్ల ఎక్కడ పెట్టుకుంటారు?"

"నీ మిషను ఎక్కడ పెట్టుకుంటావు?"

మాటా మాటా పెరిగింది. ఇద్దరిలో ఎవరూ తగ్గేలా లేరు. మేస్త్రీ టేపు చుట్టి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మెట్లు ఇప్పటికీ అంతే ఇరుకు.