కౌజుపిట్ట ఆరున్నొక్కటి లెక్క

పన్నెండో ఎక్కం నాకు కళ్లు మూసుకున్నా వస్తుంది. ఎవరూ అడగకపోయినా అప్పజెబుతూ ఉంటాను. విద్య దాచుకోకూడదు కదా! అంతటి లెక్కలవాణ్ణి కాబట్టే ఈ కథ చెప్పే అర్హత నాకుంది.

తునికివాగు అడవిలో శేషయ్య అనే నక్క, సూరప్ప అనే ముళ్లపంది, చిట్టెమ్మ అనే కౌజుపిట్ట ఉండేవి. దేవుడు లేడని శేషయ్య లెక్క వేసి చూపేవాడు. ఉన్నాడని సూరప్ప లెక్క వేసి చూపేవాడు. ఇద్దరికీ పలక ఒకటే, ఎండిన వాగులోని ఇసుక.

చిట్టెమ్మకు తెలిసిన లెక్క వేరు. రోజూ పొద్దుగూకే ముందు పిల్లల్ని లెక్కపెట్టుకునేది. "ఐదు, ఆరు, ఆరున్నొక్కటి!"

"ఏడు అనలేవూ?" అని నవ్వేవాడు శేషయ్య.

"పిల్లల్ని చూసి ఏడు అంటే, ఏడవమన్నట్టుంటుంది మావయ్యా. నేననను."

ఒకరోజు కొండమీద మబ్బు పట్టింది. చిట్టెమ్మ లెక్క ఆరు దగ్గరే ఆగిపోయింది. బావలిద్దరూ లెక్కలు వేస్తున్న వాగులోకి పరుగెత్తింది.

"ఒకటి తగ్గింది! నా బుడ్డది కనబడటం లేదు. కాస్త వెతికిపెట్టండయ్యా!"

శేషయ్య ముఖం వెలిగిపోయింది. "చూశావా బావా! దేవుడే ఉంటే ఏడూ ఉండాలి. ఆరే ఉన్నాయి. కాబట్టి లేడు."

"తొందరపడకు బావా," అన్నాడు సూరప్ప. "ఆ ఆరింటినీ కాపాడిందెవరు? ఒకటి కంటే ఆరు పెద్దది. కాబట్టి ఉన్నాడు."

"ఉన్నాడో లేడో తర్వాత తేల్చుకోండి. లేనిది నా పిల్ల!"

"ఉండమ్మా, నీ పిల్ల మంచి ఉదాహరణ," అన్నారు ఇద్దరూ. ఇన్నేళ్లలో వాళ్లు ఒప్పుకున్నది ఆ ఒక్క మాటే.

చిట్టెమ్మ ఒక్కతే పొద పొదా వెతికింది. చివరికి అడవిపంది తవ్విన గుంతలో కిచకిచ వినిపించింది. ఒక తీగ వంచి లోపలికి దించింది. బుడ్డది దాన్ని పట్టుకుని పైకి పాకింది.

అప్పటికే కొండమీద వాన కురిసి వాగు పొంగింది. లెక్కలన్నీ నీళ్లపాలయ్యాయి. బావలిద్దరూ వాగు మధ్య బండెక్కారు. నీళ్లు పెరుగుతుంటే శేషయ్య బండ మీది చారలు లెక్కపెట్టాడు.

"ఐదు మునిగాయి. ఆరు. ఏడు..."

ఏడు అనగానే నిజంగానే ఏడుపొచ్చింది. సూరప్ప గొంతు కలిపాడు.

ఒడ్డున చిట్టెమ్మ పిల్లల్ని మళ్లీ లెక్కపెట్టుకుంటోంది. "ఆరు, ఆరున్నొక్కటి... అరె, అక్కడెవరో ఆరున్నొక్క రాగం తీస్తున్నారే!"

వెంటనే వెళ్లి ఏనుగు పెద్దమ్మను పిలుచుకొచ్చింది. పెద్దమ్మ తొండం చాపి ఇద్దరినీ ఒడ్డున దించింది. సూరప్పను దించాక చాలాసేపు తొండం ఊదుకుంది.

శేషయ్య తోక పిండుకుంటూ అడిగాడు. "నీ పిల్ల దొరికింది కదా. మరి దేవుడున్నట్టా, లేనట్టా?"

"నా లెక్క అంతదూరం పోదు మావయ్యా. ఒకటి తగ్గితే వెతుకుతాను. మీరు తగ్గినా వెతుకుతాను."

మర్నాడు సాయంత్రం పిల్లల్ని లెక్కపెట్టింది శేషయ్యే. ఆరు దగ్గర కాస్త ఆగాడు.

"ఆరున్నొక్కటి," అన్నాడు మెల్లగా.

నీతి: లెక్కలో ఒకటి తగ్గితే వాదానికి కూర్చోకు, వెతకడానికి లే. ఇంత చెప్పిన నాకు కూర్చోవడమే వచ్చు, లేవడం ఇంకా రాలేదు. పదమూడో ఎక్కం కూడా.