చీలికొండమ్మ వీపు మీది నులక గుర్తులు

నారపాడు చీలికొండమ్మ గుడికి మొదటిసారి వచ్చినవారు గర్భగుడి ముందు కాస్త తడబడతారు. అమ్మవారికి ఎదురుగా నిలబడి దండం పెట్టుకున్నవాళ్ళంతా ఎడమవైపుకు జరిగి, మెడ సాచి, విగ్రహం వెనక గోడకు తగిలించిన అద్దంలోకి చూస్తుంటారు. అద్దంలో కనిపించేది అమ్మవారి వీపు. ఇక్కడ ముఖంతోపాటు వీపు కూడా చూసి మొక్కితేనే దర్శనం పూర్తయినట్టు. గడప దగ్గర రాయి నున్నగా అరిగి జారుతుంది కనుక, పిల్లలను ఎత్తుకుని అద్దం చూపించేవారు ముందు కాళ్ళు నిలదొక్కుకోవాలి.

మూడడుగుల వేపకొయ్య విగ్రహం అది. ముందంతా నునుపు. వెనక మాత్రం భుజాల నుంచి నడుము దాకా గీతలు ఒకదాన్నొకటి ఐమూలగా దాటుతూ అచ్చుపడి ఉంటాయి. ఎడమ భుజం కింద ఒకచోట ఆ వరుస తప్పుతుంది. ఓపికగా చూస్తే తప్పక కనిపిస్తుంది.

ఇప్పటి పిల్లల్లో నులక మంచం ఎరగనివారు చాలామంది. జనపనారతో పేనిన సన్నని తాడే నులక. నాలుగు పట్టెల చట్రం మీద దాన్ని అల్లితే మంచం అవుతుంది. ఒట్టి వీపుతో దాని మీద పడుకుని లేస్తే అల్లిక ఒంటికి అంటుకుంటుంది. అమ్మవారి వీపు మీద ఉన్నవి అటువంటి గుర్తులే. అంతేకాదు, ఈ గుడిలో పల్లకి లేదు. మండపంలో పల్లకి ఉండవలసిన చోట ఒక నులక మంచం, దానిపైన దూలానికి వేలాడే పొడవాటి వెదురు బొంగు ఉంటాయి. చైత్ర మాసపు తిరునాళ్ళలో అమ్మవారు ఊరేగేది ఆ మంచం మీదనే.

పూర్వం నారపాడుకు దారి ఒక్కటే. ఊరికి పడమట కొండ రెండుగా చీలి ఉంది. ఆ చీలిక నడుమ సందులో ఒకరి వెనక ఒకరు నడవవలసిందే. బండి పట్టదు, ఇద్దరు పక్కపక్కన పట్టరు. వైద్యుడు కావాలన్నా, పెద్ద మంత్రసాని కావాలన్నా సందు దాటి అవతలి ఊరికి పోవాలి.

ఆ రోజుల్లో నారపాడులో ఓబులేసు అనే, మంచాలు అల్లే అల్లకందారు ఉండేవాడు. అతని చిన్నతనంలో తండ్రికి విపరీతమైన కడుపునొప్పి వచ్చింది. మంచం ఉంది, మోసేవాళ్ళు వచ్చారు, మంచాన్ని బొంగుకు కట్టడానికి సరిపడా తాడు దొరకలేదు. ఇల్లిల్లూ తిరిగి తాడు తెచ్చేసరికి తండ్రి కన్ను మూశాడు. పెద్దయ్యాక ఓబులేసు తాను అల్లిన ప్రతి మంచానికీ నాలుగు కోళ్ళ దగ్గర ఉచ్చుల్లాంటి నాలుగు పొడవాటి తాడు చెవులు వేసి ఇవ్వడం మొదలుపెట్టాడు. వాటిని పైకి లాగి బొంగుకు తగిలిస్తే చాలు, ముందొకరు వెనకొకరు మోసుకుని సందులో పోవచ్చు. బొంగు అతని ఇంటి చూరుకే ఉండేది. ఎవరు పిలిచినా చేతిలో పని అక్కడే వదిలి బొంగుతో పరుగెత్తేవాడు.

ఊరికి ఆ చెవులు నచ్చలేదు. మంచాన్ని మోసుకుపోవడానికి ముందే సిద్ధం చేయడం అపశకునమనుకున్నారు.

"పడుకోను మంచమడిగితే పాడె అల్లిచ్చినావేంది ఓబులేసూ?" అనేవారు.

"వాటికి బట్టలు ఆరేసుకోండి అన్నా. అవసరం రాకుంటే అంతకంటే ఏం కావాల?" అని నవ్వేవాడు. వాళ్ళు ఇంటికి పోగానే చెవులు కోసేసేవారు. కోసేస్తారని తెలిసీ అతను తర్వాతి మంచానికి మళ్ళీ వేసేవాడు.

ఇతని వంశానికి గుడిలో ఒక సేవ ఉండేది. ఏటా తిరునాళ్ళకు అమ్మవారి పల్లకికి కొత్త తాళ్ళు పేని, బొంగు బిగించి, ఊరేగింపులో పల్లకి ముందు నడిచేవారు. తాత నడిచాడు, తండ్రి నడిచాడు. ఓబులేసుకు ఉన్న గొప్ప అదొక్కటే. తిరునాళ్ళకు నెల ముందు నుంచే నడుముకు కట్టుకోవడానికి ఎర్రగుడ్డ ఉతికి దాచుకునేవాడని చెబుతారు.

ఆ ఏడు తిరునాళ్ళ పొద్దున ఓబులేసు వాకిట్లో ఒక మంచం అల్లుతుండగా కట్టెలు కొట్టేవాడిని పాము కరిచిందని కబురొచ్చింది. అల్లిక సగంలో వదిలి, బొంగుతో పోయి, అతన్ని మోసేవాళ్ళతో సందులోకి సాగనంపి వచ్చాడు. తిరిగి కూర్చునేసరికి అల్లికలో నులక పేటల లెక్క తప్పింది. ఒకచోట పేట కింద నుంచి పోవలసింది పై నుంచి పోయింది. తిరునాళ్ళ తర్వాత విప్పి సరిచేద్దామని మంచం ముగించి, ఎర్రగుడ్డ కట్టుకుని గుడికి బయలుదేరాడు.

పల్లకి లేవడానికి ఇంకా గడియ ఉందనగా, తిరునాళ్ళకు వచ్చిన ఒక పరాయి ఊరి నిండు గర్భిణి గుడి పక్క పందిట్లో నొప్పులతో పడిపోయింది. ఊరి మంత్రసాని చెయ్యి పెట్టి చూసి లేచి నిలబడింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. నా చేత కాదు. సందవతల పెద్ద మంత్రసాని హుసేనమ్మ దగ్గరికి చేరిస్తే ఇద్దరూ దక్కుతారు."

ఓబులేసు భార్య సుంకమ్మ పరుగున పోయి వాకిట్లోని కొత్త మంచం నెత్తిన పెట్టుకుని తెచ్చింది. ఆ మంచానికి చెవులున్నాయి. బొంగు లేదు. పొద్దున సందు దాటి పోయిన బొంగు ఇంకా తిరిగి రాలేదు. అంత బరువు ఆపగల బొంగు ఆ చుట్టుపక్కల ఇంకొక్కటే ఉంది. పసుపు పూసి, బొట్లు పెట్టి, పల్లకికి బిగించి ఉంది. దాన్ని బిగించింది ఓబులేసే.

అతను ముడి మీద చెయ్యి వేశాడు. ధర్మకర్త గంగిరెడ్డి అడ్డం వచ్చాడు.

"ఓబులేసూ, అది అమ్మ బొంగు. విప్పినావంటే మళ్ళీ నీ చెయ్యి పల్లకి మీద పడదు. నీదే కాదు, నీ కొడుకుదీ పడదు. ఆలోచించుకో."

ఓబులేసు ఆలోచించాడనే చెబుతారు. ముడి మీది చెయ్యి కాసేపు కదలలేదట. పందిట్లోంచి ఆమె మూలుగు వినబడింది.

"పడదులే రెడ్డీ," అని ముడి విప్పాడు.

ముందు కొసను భుజానికెత్తుకుని వెనక్కి చూస్తే రెండో కొస పట్టడానికి ఎవరూ కదలలేదు. అమ్మ బొంగు పట్టుకుంటే ఏమవుతుందోనని మగవాళ్ళంతా చేతులు కట్టుకున్నారు. సుంకమ్మ కొంగు నడుముకు దోపి వెనక కొస ఎత్తుకుంది.

సందులో సగం దూరం పోయాక ఆమె ఆగింది. "ఏమయ్యా, ఇంత బరువేంది?"

"ఇద్దరున్నారు గదా."

"ఇద్దరి బరువు నాకు తెలీదా? ముగ్గురున్నట్టుంది."

"మాటలు మాని నడువు," అన్నాడు ఓబులేసు. అతని భుజానికీ అలాగే తోచింది. కానీ అనలేదు.

పొద్దు వాలకముందే హుసేనమ్మ గుమ్మం చేరారు. ఆమె చేతిలో బిడ్డ నిలువుగా తిరిగింది, ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

మర్నాడు ఓబులేసు బొంగును కడిగి తెచ్చి గుడి బయటే పెట్టాడు. పురిటి మైల సోకిందని దాన్ని లోపలికి రానివ్వలేదు. కొత్త బొంగు తెప్పించి పల్లకికి బిగించారు. ఎనిమిది మంది పట్టినా పల్లకి లేవలేదు. పదహారు మంది పట్టారు. కొత్త బొంగు నిలువునా చీలింది.

అమ్మవారిని దింపి పసుపునీళ్ళతో కడుగుతున్న పూజారి చేతికి విగ్రహం వీపున గీతలు తగిలాయి. పురుగు పట్టిందేమోనని వడ్రంగిని పిలిచారు. అతను వేలితో తడిమి చూసి, పురుగు తిన్నది కాదు, ఉలి దెబ్బ కాదు, మెత్తని దాని మీద ఏదో ఒత్తుకుపోయినట్టుంది అన్నాడు. కొయ్య మీద ఒత్తు ఎట్లా పడుతుందో అతనికీ తెలియలేదు.

మూడో నాటి తెల్లవారుజామున గంగిరెడ్డికి కల వచ్చింది. కలలో ఒక పెద్ద ముత్తైదువ వెనుదిరిగి కూర్చుని ఉంది.

"నా ఊరేగింపు అయిపోయింది. ఇంకెక్కడికి మోస్తారు నన్ను? ఆ మంచం మీద ఆమె ఒక్కతే పోయిందనుకున్నావా రెడ్డీ? నీ పల్లకి పీట కంటే నులక మెత్తన," అని, నడుము పట్టేసినట్టు వీపు రుద్దుకుంది.

గంగిరెడ్డి లేచి నేరుగా ఓబులేసు వాకిట్లోకి పోయాడు. మంచం సందు దాటి తిరిగి వచ్చి గోడకు ఆనించి ఉంది. దాన్ని గుడికి మోయించి, విగ్రహం పక్కన నిలబెట్టి, గీతకు గీత చూశారు. సరిపోయాయి. గంగిరెడ్డి మనసు అప్పటికీ నమ్మలేదు. ఎవరి మంచమైనా ఇట్లాగే ఉంటుంది గదా అన్నాడు. అప్పుడు ఓబులేసు సిగ్గుపడుతూ, "దీంట్లో ఒక తప్పుంది రెడ్డీ, విప్పి సరిచేద్దామనుకున్నా," అని ఎడమవైపు పేట తప్పిన చోటు చూపించాడు. పూజారి దీపం దగ్గరికి తెచ్చాడు. అమ్మవారి ఎడమ భుజం కింద అదే పేట, అదే చోట తప్పి ఉంది.

గంగిరెడ్డి ఎర్రగుడ్డ తెప్పించి తన చేతులతో ఓబులేసు నడుముకు కట్టాడు. ఆ సాయంత్రం అమ్మవారిని ఆ మంచం మీద పడుకోబెట్టి, కడిగి పెట్టిన పాత బొంగుకే తగిలిస్తే ఇద్దరి భుజాల మీద సులువుగా లేచింది.

ఆ గర్భిణి అమ్మవారేనని కొందరు భక్తులు చెబుతారు. ఓబులేసు వంశం వారు ఒప్పుకోరు. ఆమె నొప్పికి తట్టుకోలేక దారిపొడవునా తమ తాతను తిట్టిందనీ, కాన్పయ్యాక రెండు చెంబుల గంజి తాగిందనీ, మనిషేననీ అంటారు. మేము విన్న రెండు మాటలూ ఇక్కడ రాశాము.

ఇప్పుడు సందు పక్కనే కొండ తొలిచి రోడ్డు వేశారు, అంబులెన్సు వస్తుంది. అయినా నారపాడులో చెవులు లేని మంచం ఎవరూ కొనరు. పెళ్ళి మంచానికి కూడా చెవులు వేయించుకుంటారు. అల్లకందార్లు ప్రతి మంచంలోనూ ఎడమవైపు ఒక పేట కావాలనే తప్పిస్తారు. ఊరేగింపులో ముందు కొస ఓబులేసు వంశస్థుడు, వెనక కొస ఆ ఇంటి కోడలు మోస్తారు. గర్భిణులు గుడిలోని మంచం చెవికి చిన్న నులక ముక్క కట్టి మొక్కుకుంటారు. సుఖంగా కాన్పవుతుందని నమ్మకం. సందులో గోడలు గరుకు కనుక పిల్లల చెయ్యి వదలకుండా నడిపించండి.

అన్నిటికంటే ముఖ్యమైన ఆచారం ఇది. ఊరేగింపు నడుమ ఎవరికి మంచం అవసరమని కబురొచ్చినా అక్కడికక్కడే అమ్మవారిని దింపి చాప మీద కూర్చోబెట్టి మంచం ఇచ్చేస్తారు. అడ్డుచెప్పే హక్కు ధర్మకర్తకు కూడా లేదు. మంచం తిరిగి వచ్చేదాకా ఊరంతా అమ్మ చుట్టూ నేల మీదే కూర్చుంటుంది. అలా జరిగిన ఏడాదిని 'అమ్మ దిగిన ఏడు' అని, ఆ ఏడు పంటా పాడీ బాగుంటాయని చెప్పుకుంటారు. ఆ ఏడు పుట్టిన పిల్లలను అమ్మ పక్కన కూర్చోబెట్టి పసుపు బొట్టు పెడతారు.

ఊరేగింపు ఎంతసేపు ఆగిందని అడిగితే మాత్రం నారపాడులో ఎవరూ సరిగా చెప్పలేరు. మంచం మీద పోయిన మనిషి నడిచి తిరిగొచ్చిందా లేదా అన్నది అందరికీ గుర్తుంటుంది.