డొంకలో నీలం వ్యాను

కంకరగుట్టకు ఇవతల పశువులు, అవతల వాగు. మధ్యలో ఒక్కటే డొంక. రెండు పక్కలా తుమ్మకంప, ఎద్దు పక్కన ఎద్దు పట్టనంత ఇరుకు. ఆ డొంకలో ఎవరో మనుషులు ఒక పాత నీలం వ్యాను వదిలేసి పోయారు. ఎందుకు వదిలారో వాళ్ళకే తెలియాలి. నిరుడు వానల్లో వదిలితే, ఎండాకాలానికి చక్రాలు సగందాకా మట్టిలో దిగబడి, బానెట్టులోంచి జిల్లేడు మొలిచింది.

మేకలు దాని కిందనుంచి దూరిపోయేవి. గాడిద గవరయ్య తిట్టుకుంటూ గుట్ట ఎక్కి దిగి, నీళ్ళు తాగి వచ్చేవాడు. మనకెందుకులే అని అందరూ అలవాటుపడ్డారు. అలవాటుపడలేకపోయింది గేదె ముర్రమ్మ ఒక్కతే. నెలలు నిండిన చూడిగేదె. నీళ్ళు తాగితే దానికి చాలదు, వాగులో ఒళ్ళు మునగాలి. గుట్ట ఎక్కాలంటే నాలుగడుగులకోసారి ఆగాలి, దిగేటప్పుడు కాళ్ళకింద కంకర జారుతుంది.

"అన్నా, నిన్న ముందరికాళ్ళు జారాయి. లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది. ప్రాణం పోయిందనుకున్నాను," అంది ఎద్దు మైలయ్యతో.

మైలయ్య పన్నెండేళ్ళు నాగలి లాగినవాడు. చెప్పిన పని చెప్పినట్టు చేయడం తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు. "నేను పోయి ఫిర్యాదు చేస్తానమ్మా. నువ్వు ఈనేలోపు డొంక తెరిపిస్తాను," అన్నాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అని గవరయ్య గొణిగాడు. మైలయ్య వినలేదు.

ఫిర్యాదులు పుచ్చుకునేది నక్క జంబులింగం. గుట్టమీది పులిదొర వేసిన గుమస్తా. దొర కిందికి దిగి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. ఇక్కడ మీకో మాట ముందే చెప్పేస్తాను, కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు. జంబులింగం కాపురం ఆ నీలం వ్యానులోనే. మెత్తటి వెనకసీటు మీద పెళ్ళాం, నలుగురు పిల్లలు. వాగువైపు తలుపు ఊడిపోయింది, అటునుంచే రాకపోకలు. కింద దూరే మేకలకు ఈ సంగతి తెలుసు. కానీ నక్క ఇంటి గురించి నోరెత్తే మేక ఎక్కడైనా ఉందా?

"ఏమయ్యా మైలయ్యా, ఇంత ఎండలో వచ్చావు?" అన్నాడు జంబులింగం.

"డొంకలో వ్యానండీ. దారికి అడ్డం. తీయించాలండీ."

"డొంకలో వ్యానా! నాతో ఒక్కరూ అనలేదే! ఎవరిది?"

"ఎవరిదీ కాదండీ. వదిలేసి పోయారు."

"నువ్వంటే సరిపోతుందా? దాని యజమాని జ్వరమొచ్చి పడుకున్నాడేమో. రేపొచ్చి నా బండేదని గొడ్డలి ఎత్తితే నువ్వు చస్తావా, నేను చావాలా?"

"మరెట్లాగండీ?"

"దిక్కులేని బండి అని తేలాలి. ఇరవై ఒక్క రోజులు దాని దగ్గర ఒక సాక్షి నిలబడాలి. ఎవరూ రాలేదని తేలితే, మర్నాడే ఏనుగుల్ని పిలిపించి ఒక్క తోపు తోయిస్తాను. మధ్యలో సాక్షి కదిలాడా, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది."

"నేనే నిలబడతానండీ."

"నువ్వే నిలబడాలి. నీ ఓపిక ఇంకెవరికుంది? నిదానమే ప్రధానం అన్నారు."

ఆ మాటకు మైలయ్య పొంగిపోయాడు. పన్నెండేళ్ళలో వాణ్ణి పొగిడినవాడు లేడు మరి. అదే రోజు జంబులింగం పెళ్ళాం పిల్లల్ని తీసుకుని పుట్టింటికి ప్రయాణం కట్టింది.

మైలయ్య నిలబడ్డాడు. కాళ్ళు పీకితే వ్యాను నీడలో పడుకున్నాడు. అక్కడున్న గరికే కొరికాడు. గవరయ్య రోజూ తోలుతిత్తితో తెచ్చే నీళ్ళు గొంతు తడవడానికే సరిపోయేవి. ఈగల్ని తోకతో కొట్టుకుంటూ, ఎదురుగా వంగిన తుమ్మకొమ్మకున్న ముళ్ళని రోజుకొకటి చొప్పున విరిచి లెక్కపెట్టుకున్నాడు.

పద్దెనిమిదో ముల్లు విరిచిన రోజు ముర్రమ్మ వచ్చింది. కళ్ళు లోపలికి పోయాయి.

"అన్నా, నొప్పులు మొదలయ్యేట్టున్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. వాగులో దిగకపోతే బతకను. పక్కన నడిచి గుట్ట దాటించు. నీ భుజానికి ఆనుకుని వస్తాను."

"ఇంకో మూడు రోజులేనమ్మా. ఆ తర్వాత డొంకలోనే నడిచిపోదువు."

"బిడ్డ మూడు రోజులు ఆగుతుందా అన్నా?"

"ఇప్పుడు కదిలితే ఇన్నాళ్ళూ గంగపాలు. నీకోసమే కదా నిలబడ్డాను!"

ముర్రమ్మ కాసేపు వాడి మొహంలోకి చూసింది. కోపపడలేదు. గుట్టవైపు తిరిగింది. అది కనుమరుగయ్యేలోపు మైలయ్య కాళ్ళు రెండుసార్లు ముందుకు పడ్డాయి. రెండుసార్లూ వెనక్కి లాక్కున్నాడు.

సాయంత్రం గవరయ్య వచ్చాడు. దిగుతుంటే ముర్రమ్మ పడిపోయిందని, కంకరమీదే ఈనిందని, దూడ ఊపిరి తీయలేదని చెప్పాడు. "ఇక రావయ్యా, ఇంకెవరి కోసం ఈ కాపలా?" అన్నాడు.

"ఇప్పుడు కదిలితే ఆ బిడ్డ ఊరికే పోయినట్టవుతుంది," అన్నాడు మైలయ్య.

ఇరవై రెండో రోజు జంబులింగం అందర్నీ డొంకలో చేర్చి విచారణ పెట్టాడు.

"గవరయ్యా, ఇన్నాళ్ళూ ఈ వ్యాను దగ్గర ఎవరైనా ఉన్నారా?"

"మైలయ్య ఉన్నాడండీ."

"మేత ఎక్కడ?"

"ఇక్కడేనండీ."

"పడక?"

"దీని నీడనేనండీ."

"ముర్రమ్మా, నువ్వు చెప్పు. నీ ప్రాణంమీదికొచ్చి పిలిస్తే వచ్చాడా?"

ముర్రమ్మ పొదుగు పాలతో బిగుసుకుని ఉంది. తాగే నోరు లేదు. మైలయ్య వైపు చూడకుండానే చెప్పింది.

"రాలేదండీ. ఈ వ్యాను వదిలి రానన్నాడు."

జంబులింగం తల పంకించాడు. "విన్నారుగా! చూడిదైన చెల్లెలు ఏడ్చి పిలిచినా వదలని బండిని వదిలేసిన బండి అంటారా ఎవరైనా? ఇది మైలయ్యదే. దారికి అడ్డం పెట్టిందీ మైలయ్యే. తీసేదాకా దీనికే కట్టి ఉంచండి."

"నేను సాక్షినండీ! మీరే కదండీ నిలబడమన్నారు!"

"నిలబడమన్నాను. అంతగా అంటిపెట్టుకోమన్నానా?"

మేకలు మొహాలు చూసుకున్నాయి. "నిజమే, తనది కాకపోతే అంత కాపలా ఎవడు కాస్తాడు?" అంది ఒక మేక. తాడు వేసి మైలయ్య మెడని బంపరుకి కట్టారు.

కట్టిన నాటినుంచి వాడు లాగుతూనే ఉన్నాడు. లాగినకొద్దీ చక్రాలు ఇంకా లోతుకు దిగాయి. కిందనుంచి దూరే మేకలు, "మైలయ్య బాబాయ్, నీ బండి తీయరాదూ!" అని ఎకసెక్కాలాడేవి. ముర్రమ్మ మాత్రం తల దించుకుని గుట్ట ఎక్కిపోయేది.

ఒకరోజు మెడ పుండు పడేట్టు లాగుతుంటే వ్యాను కాస్త ఊగింది. లోపలనుంచి ఆడగొంతు విసుక్కుంది.

"ఏమండీ, ఆ ఎద్దును కుదురుగా ఉండమనండి! పిల్లలు ఇప్పుడే కళ్ళు మూశారు."

మైలయ్య బిక్కచచ్చిపోయాడు. "ఎన్నాళ్ళయిందమ్మా మీరిక్కడ దిగి?" అని అడిగాడు.

"నిరుడు వానలప్పటినుంచీ," అంది నక్క పెళ్ళాం. "మధ్యలో ఓ ఇరవై రోజులు పుట్టింటికి పోయొచ్చాను."

మైలయ్య మళ్ళీ లాగలేదు. ముందరికాళ్ళు మడిచి, వ్యాను నీడలోనే కూలబడ్డాడు.

దారికి అడ్డం తీయమని అడిగే ముందు, ఆ అడ్డంలో ఎవరు కాపురమున్నారో చూసుకో.