వాగుచూపులు

ఎర్రగట్ల అడవిలో తిప్పవాగు పక్కన ముళ్ళపందులు, కుందేళ్ళు, దుప్పులు, ముంగిసలు ఇరుగుపొరుగుగా ఉండేవి. మనుషులకు పెళ్ళిచూపులున్నట్టు ఆ అడవికి ఒకప్పుడు వాగుచూపులుండేవి. ఎంత బాగుండేవని!

ఆ మాట తలుచుకుంటే చాలు, ముసలి ముళ్ళపంది సూరమ్మకు ప్రాణం లేచొచ్చేది. ఆమె చిన్నప్పుడు ఏటా తొలకరికి ముందు వాళ్ళ నాయనమ్మ పిల్లలందర్నీ వెంటేసుకుని వాగు పొడుగునా నడిపించేది. దారంతా తునికిపళ్ళు, తోపులాటలు. చివరికి మద్దిచెట్టు దగ్గర ఆపి, కొమ్మకు చిక్కుకుని వేలాడే ఎండుచెత్తను చూపించేది. పాత వరద అక్కడిదాకా వచ్చిందనీ, దానికంటే కిందున్న చోట ఎవరూ పిల్లల్ని పెట్టొద్దనీ చెప్పేది. అంతే పాఠం. తర్వాత మళ్ళీ తునికిపళ్ళే.

నాయనమ్మ పోయింది. వానలు తగ్గాయి. వాగుచూపులు మానేశారు. వాగొడ్డున ఇసుక మేట వేసి, దాని మీద పచ్చగడ్డి మొలిచింది. దుప్పుల పెద్ద కొమ్మురాజు అక్కడే మకాం పెట్టి అందర్నీ రమ్మన్నాడు. సూరమ్మ కోడలు కూడా ఆ మేట పక్కనే బొరియ తవ్వుకుని ఇద్దరు పిల్లల్ని కన్నది. అప్పట్నుంచీ సూరమ్మకు కంటి మీద కునుకు లేదు.

కొమ్మురాజుకు తన కొమ్ములంటే మహా మురిపెం. మద్దిచెట్టుకు వేలాడే చెత్త రోజూ వాటికి తగులుకునేది. ఒకనాడు విసుగొచ్చి దాన్నంతా పీకి పారేశాడు. సూరమ్మ లబోదిబోమంది.

"అది చెత్త కాదు నాయనా, వాగు వదిలివెళ్ళిన గుర్తు," అంది.

"ఆ వాగు చచ్చి ఎన్నాళ్ళయిందవ్వా? చెత్తను చూసి భయపడే రోజులు పోయాయి," అని నవ్వాడు. మేట మీదున్నవాళ్ళంతా వంతపాడారు.

సూరమ్మ వాదించలేదు. తునికిపళ్ళు తిందాం రమ్మని కోడల్నీ, కుందేళ్ళనీ, ముంగిసల్నీ పిల్లలతో సహా బయల్దేరదీసింది. వాగు పైకి నడిపించి మరో మద్దిచెట్టు చూపించింది. అక్కడా అంతే ఎత్తున చెత్త వేలాడుతోంది. ఆ పక్క చెట్టుకూ అంతే. కోడలు ఆ కొమ్మ వైపు చూసింది, పిల్లల వైపు చూసింది.

"అత్తా, మా బొరియ దీనికంటే చాలా కిందుంది కదా," అంది.

ఆ సాయంత్రమే పిల్లల్ని మిట్ట మీదికి చేర్చింది. మిగతావాళ్ళూ ఆమె వెనకే వెళ్ళారు. కొమ్మురాజు మాత్రం గడ్డి వదిలి రానన్నాడు.

తొలకరి దాటాక పైన కొండల్లో కుండపోతగా కురిసింది. మేట మీద చినుకు కూడా పడలేదు. కొమ్మురాజు నింపాదిగా మేస్తుండగానే ఎర్రనీళ్ళు విరుచుకుపడ్డాయి. మద్దిచెట్టు దాకా కొట్టుకుపోయి, కొమ్ములతో దాంట్లో ఇరుక్కున్నాడు పాపం. గింజుకుని గింజుకుని, ఒక కొమ్ము విరిగాక బతికి బయటపడ్డాడు.

నీళ్ళు తీశాక చూస్తే మేట లేదు, బొరియ లేదు. సూరమ్మ మనవలు మాత్రం మిట్ట మీద ఆమె పక్కన హాయిగా నిద్రపోతున్నారు.

మరుసటి వేసవికి వాగుచూపులు మళ్ళీ మొదలయ్యాయి. తునికిపళ్ళు, తోపులాటలు, అన్నీ అలాగే. నాయనమ్మ గుర్తొచ్చి సూరమ్మ కళ్ళు చెమర్చాయి. మద్దిచెట్టు దగ్గర ఆమె నోరు తెరిచేలోగా కొమ్మురాజు ముందుకొచ్చాడు. పైన వేలాడే కొత్త చెత్తలో ఏదో తెల్లగా కనిపిస్తోంది.

"అది నా విరిగిన కొమ్ము పిల్లలూ. నీళ్ళు అక్కడిదాకా వచ్చాయి," అన్నాడు.

నీతి: పాత ఆపద వదిలివెళ్ళిన గుర్తును చూసి నడుచుకునేవారి ఇల్లు కొత్త ఆపదలోనూ నిలుస్తుంది.