రాజుగారి చెత్త

రాజధానిలో వీధులూడ్చే సోములమ్మ, ఊరి చెత్తను మూతగోతిలో కుళ్లబెట్టి, లేచిన మండే వాయువును వెదురుగొట్టంతో పొయ్యికి మళ్లించి మంట పుట్టించింది. కట్టెలు దొరకని ఊడ్పువాళ్ల పేటంతా దానిమీదే వండుకునేది.

"ఊరి చెత్త రాజుగారి సొత్తు. ముట్టుకున్నవాళ్లు దొంగలు. ఈ మంట ఇక కోట వంటశాలకే!" అంటూ కొత్వాలు గొయ్యి లాక్కున్నాడు.

పేటలో పొయ్యిలు ఆరాయి. మర్నాటి నుంచి ఎవరూ చీపురు పట్టలేదు. వారానికల్లా కోటగుమ్మం ముందు చెత్త నడుమెత్తు పేరుకుంది.

రాజు సోములమ్మను పిలిపించి, ముక్కు మూసుకుని, "ఏమే, ఊడ్వరేం?" అని గద్దించాడు.

"తమరి సొత్తు ముట్టుకుంటే దొంగలమట కదా, ప్రభూ!" అంది సోములమ్మ.

"సరే, చెత్త మీదే. ఊడ్వండి."

"చెత్త మాదైతే దాని మంటా మాదే. కంపు మాకూ, వంట కోటకూ అనకండి."

రాజు కొత్వాలును పిలిచి, గొయ్యి వదిలెయ్యమన్నాడు. ఆ పూట పేటలో పిల్లలు వేడన్నం తిన్నారు.