పొలిగీత లోపలి చిలుక

అనగనగా ఒక రాజు. ఆయనకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఆ రాజ్యంలో ఏటా విత్తనాలు వేసే ముందు పొలిమేర చుట్టూ పసుపు కలిపిన బియ్యం చల్లేవారు. దాన్ని పొలి అనేవారు. పొలిగీత లోపలున్నదంతా ఊరిది. అంతే, తగువు లేదు.

ఈ సంగతి ధూమకేశుడనే మాంత్రికుడి చెవిన పడింది. ఒకరోజు వచ్చి అడవి చుట్టూ తన పొలి చల్లేశాడు. "అడవి నా రాజ్యంలో విలీనమైంది" అన్నాడు. రెండోసారి ఏటి చుట్టూ చల్లాడు. మూడోసారి, చెబితే నమ్మరు, రాణిగారి వంటింటి చుట్టూ! పైగా, గీత ఎవరిదైనా సరే, దాటినవాళ్ళు రాళ్ళైపోవాలని మంత్రం కూడా వేశాడు.

"ఇది ఆక్రమణ కాదటయ్యా?" అని రాజు మొత్తుకున్నాడు.

"ఛ, ఎంత మాట! విలీనం. అంతా మీ మంచికే."

పెద్దకొడుకు కత్తి పట్టుకుని గీత దాటాడు. రాయైపోయాడు. రెండోవాడు ఈటె పట్టుకుని దాటాడు. వాడూ రాయే. కూతురు ఇందుమణికి ఒళ్ళు మండింది.

"ఒకడు చేసిన తప్పే ఇంకొకడూ చెయ్యాలా? వాడి గీత దగ్గర మనకేం పని!" అంటూ పొలిగంప నెత్తికెత్తుకుంది.

ఒకప్పుడు ఆమె వలలోంచి విడిపించిన కొంగ ఆమెని ఏడు సముద్రాలూ దాటించింది. "అదిగో పంజరం. ఆ చిలుకలోనే వాడి ప్రాణం. పీక నులుము!" అంది.

"అదేం చేసిందే పాపం?" అని ఇందుమణి పంజరం చుట్టూ పొలి చల్లి లోపల కూర్చుంది.

ధూమకేశుడు ఎగురుకుంటూ వచ్చి గీత ముందు ఆగిపోయాడు. "నా చిలుక!"

"విలీనమైంది బాబాయ్. దాని మంచికే."

"అడక్కుండానా?"

"మా అమ్మ వంటింటిని అడిగే తీసుకున్నావా?"

మాంత్రికుడు అక్కణ్ణుంచే చెయ్యి విదిలించాడు. మంత్రం తీసేశాడు, తన గీతలన్నీ చెరిపేశాడు. కొంగ వెళ్ళి చూసొచ్చింది. "అన్నలు లేచారు. అమ్మగారు పోపు పెడుతున్నారు."

"సరే. ఇప్పుడు చిలుకని అడుగుదాం. ఎవరి దగ్గరుంటావే?"

"నూరేళ్ళలో నన్ను అడిగినదానివి నువ్వొక్కదానివే. ఎవరి దగ్గరా ఉండను. తలుపు తియ్!"

తీసింది. చిలుక తుర్రుమంది. దానికెక్కడ ఏ గద్ద తగులుతుందోనని ధూమకేశుడు వెనకాలే పరుగు. ఇప్పటికీ అదే పరుగు. ఇక రాజ్యాల మీద ధ్యాస ఎక్కడిది?

ఇందుమణి పక్కదేశపు రాజకుమారుణ్ణి పెళ్ళాడింది. విందులో మామగారు మురిసిపోతూ "ఇక మన రెండు రాజ్యాలూ విలీనం..." అనబోయాడు. కోడలు పొలిగంప వైపు చూసింది. ఆయన గబుక్కున గారె నోట్లో పెట్టుకున్నాడు.

రెండు రాజ్యాలూ, దేని పొలిగీతలో అది, చాలా కాలం చల్లగా ఉన్నాయి.