కుడి మెలి, ఎడమ మెలి

జోగారావు మాస్టారికి ఓ అలవాటుంది. శిష్యులు ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. లేచి, చెప్పులు తొడుక్కుని, రాడార్ గది వైపు నడుస్తారు. వెంట వెళ్లినవాళ్లకు దక్కినంత.

ఆ మధ్యాహ్నం శిష్యురాలు తాయారు విసురుగా వచ్చి అడిగింది. "మాస్టారూ, నేను కళ్లారా చూసింది తప్పని, చూడనివాళ్లు దిద్దేస్తే నోరు మూసుకోవాలా?"

ఒళ్లు మండదా మరి! కుడి మెలితో, అంటే కుడివైపు మెలి తిరుగుతూ సాగేలా, పంపిన రేడియో తరంగం రాతినేలకు తగిలితే చాలావరకు ఎడమ మెలితో తిరిగొస్తుంది. గురుగ్రహం చుట్టూ తిరిగే మంచు చంద్రుడి మీదికి తాయారు పంపింది మాత్రం ఎక్కువ భాగం కుడి మెలితోనే వచ్చింది. తరంగం మంచు లోపలికి దూరి, అక్కడే దొర్లి దొర్లి వస్తోందని ఆమె రాసింది. పరిశోధనాలయం డైరెక్టరు గారు ఒక్క మాటైనా అడగలేదు. కుడి మెలికొకటి, ఎడమ మెలికొకటి ఉండే రిసీవర్ల తీగలను ఈ పిల్ల తారుమారు చేసి ఉంటుందని తనకు తానే తేల్చేశారు. వ్యాసంలో కుడిని ఎడమ, ఎడమను కుడి చేయించి, ఆమె పేరుతోనే అచ్చుకు పంపమన్నారు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సాయంత్రానికి వ్యాసం వెళ్లిపోతుంది. ఆ పైన లోకం దృష్టిలో అబద్ధం రాసింది తాయారే.

మాస్టారు లేచారు. దారిలో డైరెక్టరు గారిని కూడా పిలుచుకొచ్చారు. "తీగలు తప్పుగా ఉన్నాయన్నారుగా. మీ చేత్తోనే మార్చి పెట్టండి" అన్నారు వినయంగా. ఆయన తగుదునమ్మా అని మార్చి పెట్టారు. తాయారుకు ఏడుపొచ్చినంత పనైంది. ఈయనా ఆ పక్షమేనా అనుకుంది.

పగటి ఆకాశంలో మన చందమామ తెల్లగా కనిపిస్తున్నాడు. మాస్టారు యాంటెన్నాను అటు తిప్పించి, కుడి మెలితో తరంగం పంపారు. రెండున్నర సెకన్లలో తిరిగొచ్చింది. తెర మీద కుడి మెలే ఎక్కువ.

"చందమామ రాయి కదండీ, ఇలా ఎందుకొస్తుంది? తీగలు ముందున్నట్టే పెట్టించండి" అన్నారు డైరెక్టరు గారు విసుగ్గా. అన్నాక, తన మాట తనకే వినబడి ఆగిపోయారు.

మాస్టారు ఆయన వైపు చూడలేదు.

"చందమామ మీద తప్పు మోపడానికి ఆయనకు నోరు రాలేదమ్మా" అన్నారు తాయారుతో. "నీ మీద మోపడానికి ఎలా వచ్చిందో, అడుగు."